నేల ఆర్కిడ్ విత్తనాలు ఉబ్బి ఆగిపోతున్నాయి: పచ్చి కాయ కోయాలా, శిలీంధ్రం జత చేయాలా?

మొలకలసీసా (ప్రశ్న):

నమస్కారం. ఒక ఉద్యానవనానికి అనుబంధంగా ఉన్న చిన్న టిష్యూ కల్చర్ ప్రయోగశాలలో పనిచేస్తున్నాను. మేము కాపాడాలనుకుంటున్నది హెబనేరియా ప్రజాతికి చెందిన ఒక నేల ఆర్కిడ్. అది సహజంగా పెరిగే చోటు మాకు తెలిసినంతలో ఒక్కటే మిగిలింది. అక్కడ ఏటా పూతకు వచ్చే మొక్కలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. జాతి పేరునూ స్థలాన్నీ ఎందుకు దాస్తున్నానో మీలో చాలామందికి చెప్పనక్కరలేదు. అరుదైన ఆర్కిడ్ ఎక్కడుందో బయటికి పొక్కితే అక్కడికి అందరికన్నా ముందు చేరేది దుంపలు తవ్వుకుపోయేవాళ్ళే. విత్తన సేకరణకు కావలసిన అనుమతులు మా దగ్గర ఉన్నాయి.

కిందటి పూతకాలంలో, ఎండి పగలడానికి సిద్ధంగా ఉన్న కాయల నుంచి విత్తనం తీసుకుని, సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో పది నిమిషాలు శుద్ధి చేసి, సగం బలం మురాషిగే–స్కూగ్ యానకం (మొక్కల కణజాలాన్ని పెంచే పోషక మిశ్రమం) మీద చల్లి, రోజుకు 16 గంటల వెలుతురు ఉండే గదిలో ఉంచాము. అదే గదిలో, అదే యానకం మీద చల్లిన డెండ్రోబియం విత్తనాలు కొన్ని వారాల్లోనే పచ్చబడి మొలకలయ్యాయి. హెబనేరియా విత్తనాల్లో మాత్రం కొన్నిటి పిండాలు ఉబ్బి, ఒకటి రెండు చోట్ల బీజకవచం చిట్లి, అక్కడితో ఆగిపోయాయి. ఆ తరువాత గోధుమరంగుకు తిరిగాయి. తక్కినవి చల్లిన రోజు ఎలా ఉన్నాయో ఇప్పటికీ అలాగే ఉన్నాయి. సీసాల్లో బూజు గానీ బాక్టీరియా గానీ కనిపించలేదు.

ఇప్పుడు మళ్ళీ కాయలు కట్టాయి, ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఈ దశలోనే కోసి లోపలి లేత విత్తనాన్ని చల్లడం మంచిదని ఒకరు, శిలీంధ్రం లేకుండా నేల ఆర్కిడ్లు మొలవవని ఇంకొకరు చెబుతున్నారు. చేతిలో ఉన్న కాయలు తక్కువ కాబట్టి రెండింటినీ విచ్చలవిడిగా ప్రయోగించి చూసే వీలు లేదు. ఏ దారి పట్టాలో, ఏ క్రమంలో వెళ్ళాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

సూక్ష్మదర్శిని:

డెండ్రోబియం మొలిచింది కాబట్టి యానకం సరైనదే అనుకోవడానికి వీల్లేదండీ. చెట్ల మీద పెరిగే ఆర్కిడ్లలో చాలావరకు దాదాపు ఏ యానకం మీదైనా మొలుస్తాయి. నేల ఆర్కిడ్లు, అందులోనూ ఏటా దుంప దశకు వెళ్ళి నిద్రించేవి, అంత సులభంగా లొంగవు.

అన్నిటికన్నా ముందు మీ పాత విత్తనంలో ప్రాణం ఉందో లేదో చూడండి. ఆర్కిడ్ విత్తనంలో అంకురచ్ఛదం, అంటే పిండానికి ఆహారం దాచే భాగం, ఉండదు, బీజదళాలు కూడా రూపుకట్టవు. వల అల్లినట్టున్న పలుచటి కవచంలో కొద్ది కణాల పిండం మాత్రమే ఉంటుంది. చిన్న జనాభాల్లో పరాగ సంపర్కం సరిగా జరగక, పిండమే లేని ఖాళీ కవచాలు పెద్ద సంఖ్యలో వస్తుంటాయి. మామూలు సూక్ష్మదర్శిని కింద ఒక చిటికెడు పరిచి చూస్తే కవచం మధ్యలో గుండ్రటి పిండం ఉన్నవీ లేనివీ వెంటనే తేలిపోతాయి. పిండం ఉన్నవాటిని ఒక శాతం టెట్రాజోలియం ద్రావణంలో, చీకట్లో, 30 డిగ్రీల దగ్గర ఒక రోజు ఉంచితే బతికున్న పిండాలు ఎర్రబడతాయి. అయితే ద్రావణం లోపలికి చేరాలంటే కవచాన్ని ముందుగా హైపోక్లోరైట్‌తో కొంత మెత్తబరచాలి. అలా చేయకపోతే బతికున్న విత్తనం కూడా తెల్లగానే మిగిలి, చచ్చినదాని లెక్కలోకి పోతుంది.

తరువాతి అనుమానం మీ పది నిమిషాల మీద. హైపోక్లోరైట్ సూక్ష్మజీవులను చంపడంతో ఆగదు, బీజకవచాన్ని కూడా కొరుకుతుంది. డెండ్రోబియంకు పది నిమిషాలు సరిపోవచ్చు. నేల ఆర్కిడ్ల కవచం నీటిని తనలోకి రానివ్వదు కనుక చాలా జాతులకు అంతకన్నా ఎక్కువ సమయం పడుతుంది. గడియారం కన్నా రంగును నమ్మండి. ద్రావణంలో సబ్బులా తడిపే ట్వీన్ 20 ఒక చుక్క వేసి విత్తనాలన్నీ తడిసేలా కదుపుతూ ఉంటే, గోధుమరంగు కవచం మెల్లగా పాలిపోతుంది. చాలావాటిలో పిండం బయటికి స్పష్టంగా కనిపించే దశ రాగానే ఆపి శుద్ధజలంతో కడిగేయాలి. అక్కడినుంచి ఇంకా నానితే పిండమే తెల్లబడి చచ్చిపోతుంది. చల్లిన రోజు ఎలా ఉన్నాయో అలాగే మిగిలినవాటికి కారణం బహుశా ఇక్కడే ఉంది.

ఉబ్బి ఆగిపోయినవాటి కథ వేరు. అవి నీరు పీల్చుకున్నాయి, జీవం మొదలైంది, తరువాత ఏదో అడ్డుపడింది. నా అనుమానం నత్రజని మీద. మురాషిగే–స్కూగ్ యానకాన్ని 1962లో పొగాకు కణజాలం కోసం తయారుచేశారు. పూర్తి బలంలో లీటరుకు 1650 మిల్లీగ్రాముల అమ్మోనియం నైట్రేటు, 1900 మిల్లీగ్రాముల పొటాషియం నైట్రేటు ఉంటాయి. సగానికి తగ్గించినా అనేక నేల ఆర్కిడ్లకు అది ఎక్కువే. అకర్బన నత్రజనిని బాగా తగ్గించి, దాని స్థానంలో అమైనో ఆమ్లాల మిశ్రమం ఇచ్చిన యానకాల మీద యూరప్ నేల ఆర్కిడ్లు చక్కగా మొలిచాయి. స్వీడన్‌లో స్వాంటే మాల్మ్‌గ్రెన్ ఆ దారిలో రూపొందించిన యానకం ఇప్పుడు చాలామంది చేతిలో ఉంది. దాన్ని ఒకసారి, ఆర్కిడ్ విత్తనాలకు చాలాకాలంగా వాడుతున్న నడ్సన్ సి యానకాన్ని పలుచన చేసి ఒకసారి, పక్కపక్కన పెట్టి చూడండి. పీహెచ్ 5.5 దరిదాపుల్లో ఉండనివ్వండి. ఉత్తేజిత బొగ్గు పొడి కొద్దిగా కలిపితే, గాయపడ్డ పిండాలు విడుదల చేసే ఫినాల్ పదార్థాలను అది పీల్చుకుంటుంది. మీ పిండాలు గోధుమరంగుకు తిరగడంలో ఆ పదార్థాల పాత్ర ఉండవచ్చు.

వెలుతురు విషయంలో సందేహమే అక్కరలేదు. మట్టిలో పూడుకుపోయి మొలవవలసిన విత్తనానికి 16 గంటల దీపకాంతి ఎందుకు? సీసాలను నల్లటి సంచిలో పెట్టి, తొలి ఆకు మొన కనిపించేదాకా చీకట్లోనే ఉంచండి.

ఇక పచ్చి కాయ సంగతి. ఆ పద్ధతిలో రెండు సౌకర్యాలున్నాయి. మూసుకుని ఉన్న కాయ లోపల సూక్ష్మజీవులు ఉండవు కాబట్టి కాయ పైభాగాన్ని మాత్రమే ఆల్కహాలుతో శుద్ధి చేసి, మంట మీద ఒక్క క్షణం తిప్పి, చీలిస్తే చాలు, విత్తనానికి బ్లీచింగ్ తగలదు. పైగా కవచం గట్టిపడకముందే, నిద్రావస్థ మొదలవకముందే పిండం యానకం మీదికి చేరుతుంది. చిక్కంతా ఎప్పుడు కోయాలన్న దగ్గరే వస్తుంది. ఆర్కిడ్లలో పరాగం పడిన నాటికి అండాలు పూర్తిగా తయారై కూడా ఉండవు, పరాగం పడ్డాకే అవి ఎదగడం మొదలవుతుంది. ఫలదీకరణ జాతిని బట్టి వారాల తరువాతో నెలల తరువాతో జరుగుతుంది. అంతకు ముందే కోస్తే కాయ నిండా పనికిరాని పొడే. చీల్చి చూసినప్పుడు లోపలి గోడలకున్న మూడు వరుసల నుంచి విత్తనాలు ఊడిరాక జిగురుగా, ముద్దగా అంటుకుని ఉంటే మరీ లేతదన్న మాట. స్కాల్పెల్ మొన తగలగానే విడివిడిగా జారుతూ, ఇంకా తెల్లగానే ఉంటే అదే తగిన దశ. లేత గోధుమరంగు దిగితే ఆలస్యమైనట్టే. మీ అరుదైన కాయల మీద ఈ దశను వెతుక్కోకండి. అదే ప్రజాతిలో విరివిగా దొరికే మరో జాతి మీద, పరాగం అద్దిన తేదీ రాసుకుంటూ, వారానికొక కాయ కోసి చేయి తిప్పుకోండి. మీ జాతికి తేదీలు అచ్చం అవే కాకపోయినా చూపు కుదురుతుంది.

వేరుబూజు:

పైన చెప్పినవన్నీ నిజమే. నేను శిలీంధ్రం వైపు నుంచి మాట్లాడతాను.

శిలీంధ్రం లేకుండా నేల ఆర్కిడ్లు మొలవవన్న మాట అడవికి వర్తిస్తుంది, సీసాకు కాదు. 1899లో ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు నోయెల్ బెర్నార్, నియోట్టియా నిడస్-ఏవిస్ అనే ఆర్కిడ్ మొలకలను అడవి నేలలో గమనించి, వాటన్నిటి లోపలా శిలీంధ్రం ఉందని కనిపెట్టాడు. తరువాతి కొద్ది సంవత్సరాల్లో ఆ శిలీంధ్రాలను వేరుచేసి, వాటితో విత్తనాలను మొలిపించి చూపాడు. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్, చక్కెర కలిపిన యానకం మీద శిలీంధ్రం లేకుండానే ఆర్కిడ్లు మొలుస్తాయని నిరూపించాడు. అంటే శిలీంధ్రం మొలకకు అందించేవాటిలో ముఖ్యమైన ఆహారాన్ని మనం సీసాలో చక్కెర రూపంలో ఇవ్వగలం. నేటి ఆర్కిడ్ వ్యాపారమంతా ఆ ఒక్క సంగతి మీద నిలబడింది.

అయితే వ్యాపారికి మొక్క కుండీలో బతికితే చాలు. మీకు అది మళ్ళీ తన నేలలో బతకాలి, పూయాలి, అక్కడే దాని విత్తనం మొలవాలి. ఈ చివరిది శిలీంధ్రం లేనిదే జరగదు. కాబట్టి సీసాలో శిలీంధ్రం వాడినా వాడకపోయినా, ఆ చోట దాన్ని పట్టుకుని గుర్తించడం మీ పనిలో భాగమే.

పట్టుకోవడం అనుకున్నంత కష్టం కాదు. మొక్క చురుకుగా పెరిగే కాలంలో, దుంప జోలికి పోకుండా, ఒక మొక్క నుంచి ఒక చిన్న వేరుముక్క తీసుకుంటే సరిపోతుంది. దాన్ని పలుచగా అడ్డంగా కోసి చూస్తే, తొడుగు కణాల లోపల దారపు ఉండల్లా చుట్టుకున్న శిలీంధ్ర తంతువులు కనిపిస్తాయి. వాటినే పెలోటాన్లు అంటారు. ఉండ లేతగా, పారదర్శకంగా, తంతువులు విడివిడిగా తెలిసేలా ఉంటే అది సజీవం. పసుపుపచ్చగా కుదించుకుపోయి ఉంటే మొక్క దాన్ని అప్పటికే జీర్ణం చేసుకుంటోందని అర్థం, దాని నుంచి ఏమీ రాదు. వేరుపైభాగాన్ని శుద్ధి చేశాక, శుద్ధజలంలో సూదులతో కణాలను చీల్చి ఉండలను బయటికి తేల్చి, వాటిని ఎన్నోసార్లు నీళ్ళు మార్చి కడిగి, స్ట్రెప్టోమైసిన్ కలిపిన పలుచటి అగర్ మీద ఒక్కొక్కటిగా పెట్టాలి. మంచి ఉండ నుంచి కొద్ది రోజుల్లోనే తంతువులు బయలుదేరుతాయి. ఆ తంతువు కొసను మాత్రమే కత్తిరించి కొత్త పళ్ళెంలోకి మార్చుకోవాలి. సాధారణంగా దొరికేవి టులాస్నెల్లా, సెరటోబసిడియం, సెరెండిపిటా వర్గాలవి. డీఎన్‌ఏతో గుర్తించదలిస్తే ఒక హెచ్చరిక: టులాస్నెల్లాల విషయంలో మామూలు శిలీంధ్ర ప్రైమర్లు (వెతుకుతున్న డీఎన్ఏ భాగాన్ని పట్టుకునే చిన్న డీఎన్ఏ ముక్కలు) తరచుగా విఫలమవుతాయి, వాటికోసమే రూపొందించిన ప్రైమర్లు వాడాలి. లేకపోతే వేరులో అసలైన భాగస్వామి ఉన్నా ఫలితంలో మాత్రం ఏదో దారిన పోయే బూజు పేరు వస్తుంది.

మొలిపించడానికి ఓట్స్ పొడి యానకం చాలు. లీటరుకు రెండున్నర గ్రాముల పొడి, అగర్, అంతే. ఇక్కడ పొదుపే సూత్రం. చక్కెర ఎక్కువైతే శిలీంధ్రం బలిసి విత్తనాన్నే తినేస్తుంది. యానకం మీద వడపోత కాగితపు ముక్క పరిచి, దాని మీద విత్తనం చల్లి, మధ్యలో శిలీంధ్రం ఉన్న చిన్న అగర్ ముక్క పెట్టి చీకట్లో ఉంచండి. పక్కన శిలీంధ్రం లేని పళ్ళెం ఒకటి పోలికకు తప్పనిసరి. పెద్ద మొక్క వేరులో ఉన్న శిలీంధ్రమే విత్తనాన్ని మొలిపిస్తుందన్న హామీ లేదు, కొన్ని జాతుల్లో ఆ రెండూ వేరు. అందుకని విత్తనాన్ని సన్నటి నైలాన్ వల సంచుల్లో పెట్టి తల్లిమొక్కల దగ్గర పాతిపెట్టి, కొన్ని నెలల తరువాత తీసి చూసే పద్ధతిని కూడా సమాంతరంగా చేయండి. 1993లో రాస్ముస్సెన్, విగ్‌హామ్ ప్రచురించిన పద్ధతి అది. ఆ సంచుల్లో ఒక్క ప్రోటోకార్మ్ (మొలిచిన ఆర్కిడ్ పిండం మొదట మారే చిన్న ముద్ద) దొరికినా, దానిలోని శిలీంధ్రమే మీకు కావలసినది.

మొలకలసీసా:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మిగిలి ఉన్న పాత విత్తనాన్ని సూక్ష్మదర్శిని కింద చూశాను. ఒక మొక్క కాయల్లో పిండం ఉన్నవే ఎక్కువ. ఇంకొక మొక్క విత్తనంలో దాదాపు అన్నీ ఖాళీ కవచాలే. ఆ రెండో మొక్క మిగతావాటికి దూరంగా, ఒంటరిగా పెరిగేది. మేము రెండింటి విత్తనాన్నీ ఒకే గొట్టంలో కలిపి దాచాము.

ఇంకో రెండు సందేహాలున్నాయి. మొదటిది, ఈసారి ఎన్ని కాయలు తీసుకోవచ్చు? రెండవది, కొద్ది మొలకలే వచ్చినా సైటోకైనిన్ అనే, కణవిభజనను పెంచే హార్మోను వేసి వాటినే చీల్చి పెంచితే వందల మొక్కలు చేయవచ్చని మా పర్యవేక్షకుల ఆలోచన. సంఖ్య కావాలంటే అది దగ్గరి దారే కదా?

విత్తనకోశం:

రెండో సందేహానికి ముందు జవాబిస్తాను, ఎందుకంటే అరుదైన మొక్కల పనిలో నష్టం ఎక్కువగా అక్కడే జరుగుతుంది. 1960లో ఫ్రాన్స్‌లో జార్జ్ మొరెల్ సింబీడియం మొగ్గకొనల నుంచి ప్రోటోకార్మ్ లాంటి ముద్దలను పెంచి చూపినప్పటి నుంచీ, ఒక మొక్కను వేలు చేయడం ఆర్కిడ్ పెంపకందారులకు నిత్యకృత్యమే. పూలమ్మేవారికి అది వరం. మీ దగ్గర మాత్రం అడవిలో మిగిలినవే కొద్ది మొక్కలు. ఆ జనాభాలోకి ఒకే మొలక నుంచి వచ్చిన వందల నకళ్ళను దింపితే, రాబోయే తరాల పరాగంలో అధికభాగం ఆ ఒక్క మొక్కదే అవుతుంది. లెక్కలో మొక్కలు పెరుగుతాయి, జన్యు వైవిధ్యం తరుగుతుంది. వంద నకళ్ళ కన్నా, వేర్వేరు తల్లుల నుంచి వచ్చిన ఇరవై మొలకలు మీకు ఎక్కువ విలువైనవి. హార్మోను వేసి పెంచడం, ఒక మొక్క పూర్తిగా అంతరించే స్థితిలో ఉండి దాని విత్తనం దొరకనప్పుడు మాత్రమే ఆలోచించవలసిన మార్గం.

దీనికే సంబంధించి మరొకటి. ఎవరూ చెప్పకపోయినా ప్రయోగశాల తనంతట తానే ఎంపిక చేస్తుంది. త్వరగా మొలిచినవాటిని ముందుగా కొత్త సీసాల్లోకి మారుస్తాం, బాగా పెరిగినవాటిని కుండీలకు పంపుతాం, ఆలస్యంగా మొలిచే వాటిని స్థలం లేదని పారేస్తాం. అలా చేస్తే చివరికి మిగిలేవి సీసా జీవితానికి తగినవి. అడవిలో ఆలస్యంగా మొలవడమే ప్రాణం నిలిపే గుణం కావచ్చు, వాన ముందుగా కురిసి ముఖం చాటేసిన ఏడాది తొందరపడి మొలిచినవే ముందు పోతాయి. కాబట్టి తొలి మొలకలు తీసుకున్నాక సీసాలను పారేయకండి. మళ్ళీ మూసి, చీకట్లో ఇంకొక ఋతువు ఉంచండి. మొలకలను మార్చేటప్పుడు ప్రతి తల్లి నుంచి దాదాపు సమాన సంఖ్యలో తీసుకోండి, పెద్దవాటితో పాటు చిన్నవాటిని కూడా.

ఒంటరి మొక్క కాయలు ఖాళీగా ఉన్నాయంటే, అది తన పరాగంతో తానే ఫలించలేకపోతుండవచ్చు, లేదా స్వపరాగం వల్ల పిండాలు మధ్యలోనే చచ్చిపోతుండవచ్చు. వచ్చే పూతలో చేతితో పరాగం అద్దండి. ఒక మొక్క పువ్వు నుంచి పంటిపుల్ల మొనకు పొలీనియం (పరాగపు ముద్ద) అంటించుకుని, ఇంకొక మొక్క పువ్వు కీలాగ్రానికి తాకించి, ఆ పువ్వుకు దారంతో తల్లి, తండ్రి, తేదీ ఉన్న చీటీ కట్టడం ఒక పూట పని. ఈ ఒంటరి మొక్కను తల్లిగా, తండ్రిగా రెండు విధాలా వాడండి. అందరికన్నా ఎక్కువగా కోల్పోయే అవకాశం ఉన్న జన్యువులు దాని దగ్గరే ఉన్నాయి.

ఎన్ని కాయలు అన్నారు. విత్తన బ్యాంకులు సాధారణంగా ఒక రోజున దొరికే పక్వ విత్తనంలో 20 శాతానికి మించి ముట్టుకోవు. మీలాంటి చిన్న జనాభాలో అంతకన్నా తక్కువే న్యాయం. ఇక్కడ ఆర్కిడ్‌కు ఒక వెసులుబాటుంది. ఒక్క కాయలోనే వేల విత్తనాలు ఉంటాయి కాబట్టి, ఎండిన కాయ చీలే సమయానికి వెళ్ళి, దానిలో కొంత విత్తనం కాగితపు పొట్లంలోకి దులుపుకుని, మిగతాది అక్కడే గాలికి వదిలేయవచ్చు. పచ్చి కాయ కోస్తే ఆ కాయ మొత్తం పోయినట్టే, దాచుకోవడానికి కూడా ఏమీ మిగలదు. అందువల్ల నా సలహా: చేతితో పరాగం అద్దిన కొన్ని పువ్వుల కాయలను మాత్రమే పచ్చిగా కోయండి. సహజంగా కట్టిన కాయలను ఎండనిచ్చి పంచుకోండి. ఎండు విత్తనాన్ని ఒక్కో తల్లికి ఒక్కో గొట్టంలో, సిలికా జెల్ దగ్గర కాకుండా వీలైతే 15 శాతం సాపేక్ష ఆర్ద్రత, 15 డిగ్రీల గదిలో ఆరబెట్టి, గాలి చొరని గొట్టంలో మైనస్ 20 డిగ్రీల దగ్గర ఉంచండి. కొన్ని ఆర్కిడ్ల విత్తనాలు అక్కడ కూడా చాలాకాలం నిలవవు, కనుక ఏడాదికొకసారి కొద్దిగా తీసి మొలకశక్తి చూడడం మానకండి. ఇప్పటికే కలిసిపోయిన గొట్టాన్ని పద్ధతుల పరీక్షకు వాడేయండి. హైపోక్లోరైట్ సమయం, నత్రజని మోతాదు లాంటివి దాని మీదే తేల్చుకుంటే కొత్త విత్తనానికి తొందరపడనక్కరలేదు.

నీడతోట:

వేరుబూజు గారి మాటతో ఒక చోట విభేదిస్తున్నాను. శిలీంధ్రం దొరికేదాకా నాటడాన్ని ఆపాలన్న అర్థం వస్తే ప్రమాదం. బ్రిటన్‌లో సిప్రిపీడియం కాల్సియోలస్ అనే నేల ఆర్కిడ్ పూర్తిగా అంతరించిందనుకున్న తరువాత 1930లో యార్క్‌షైర్‌లో ఒకే ఒక్క మొక్క కనిపించింది. కాపలా పెట్టి దాన్ని దశాబ్దాలపాటు రహస్యంగా కాపాడారు. 1983లో క్యూ ఉద్యానవనంలో మొదలైన ఆర్కిడ్ సంరక్షణ ప్రాజెక్టులో దాని పచ్చి కాయల విత్తనాన్ని శిలీంధ్రం లేని యానకం మీద మొలిపించి, మొక్కలను బయట నాటారు. అలా పెరిగినవాటిలో మొదటి పువ్వు 2000లో పూసింది. నాటిన మొక్క తన నేలలోని శిలీంధ్రాన్ని తానే వెతుక్కోగలదు, అన్ని జాతులూ కాకపోయినా.

సీసా నుంచి బయటికి తీసే దశ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి కొంత చెబుతాను. సీసాలో గాలి తేమతో నిండి ఉంటుంది, అక్కడ పెరిగిన ఆకుకు మైనపు పొర సరిగా ఏర్పడదు, పత్రరంధ్రాలు మూసుకోవడం కూడా అలవాటు ఉండదు. అలాంటి మొక్కను ఒక్కసారిగా బయట పెడితే మధ్యాహ్నానికే వాడిపోతుంది. మీది దుంప జాతి కావడం ఇక్కడ అదృష్టం. ఆకులతో పోరాడకండి. సీసాలోనే దుంప ఊరి, ఆకు పండిపోయి ఎండేదాకా ఆగి, నిద్రలో ఉన్న దుంపను తీసి, దానికి అంటిన అగర్ ఆనవాలు లేకుండా కడిగి మట్టిలో పెట్టండి. అగర్ తునక మిగిలితే అందులోని చక్కెర మీద బూజు లేచి దుంపను కూడా తినేస్తుంది. చిన్న దుంపలను మరో ఋతువు సీసాలోనే పెంచడం మంచిది, నేలలో బతికేవి ఎక్కువగా పెద్ద దుంపలే. మేలుకునే కాలం, నీళ్ళు ఆపే కాలం మీ మొక్క పుట్టిన చోటి వానలను అనుసరించి ఉండాలి, గ్రీన్‌హౌస్ సిబ్బంది వీలును అనుసరించి కాదు.

వేరుబూజు:

నాటడం ఆపమని నా ఉద్దేశం కాదు. సిప్రిపీడియం ఉదాహరణ సరైనదే, కానీ దానికి ఎదురుగా నిలబడే ఉదాహరణలూ ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని కాలడీనియాలు శిలీంధ్రంతో పెంచకపోతే కుండీ దశ దాటడమే కష్టం. పశ్చిమ ఆస్ట్రేలియాలో నేల కిందే పూసే రైజాంథెల్లా గార్డ్‌నెరి అయితే శిలీంధ్రంతో పాటు ఆ శిలీంధ్రం వేళ్ళకు అతుక్కునే మెలల్యూకా పొద కూడా ఉంటేనే బతుకుతుంది. మీ హెబనేరియా ఈ రెండు కొసల మధ్య ఎక్కడుందో మొలకలను రెండు విధాలా పెంచి చూస్తేనే తెలుస్తుంది. ఉన్న మొలకల్లో సగం శిలీంధ్రం లేకుండా, సగం దానితో పెంచి, గుర్తులు పెట్టి ఒకే చోట నాటండి.

మొలకలసీసా:

ఈ క్రమం మాకు సాధ్యమే. కలిసిపోయిన గొట్టంతో పరీక్షలు, మామూలు హెబనేరియాతో కాయ కోత అభ్యాసం, వచ్చే పూతలో చేతి పరాగ సంపర్కం. సైటోకైనిన్ ప్రతిపాదనను పక్కన పెట్టడానికి మా పర్యవేక్షకులు ఒప్పుకున్నారు. చివరగా ఒకటి అడుగుతాను. మా శిలీంధ్రం దొరకకపోతే, ఇంకొక సంస్థ తన దగ్గరున్న టులాస్నెల్లా కల్చర్ ఇస్తానంటోంది. అది మరో ఆర్కిడ్ నుంచి, చాలా దూరపు చోటు నుంచి తీసినది. వాడవచ్చా?

వేరుబూజు:

ప్రయోగశాలలో పరీక్షకు వాడండి. మీ విత్తనం దానితో మొలిస్తే మీ మొక్కకు ఎలాంటి భాగస్వామి కావాలో ఒక ఆనవాలు దొరికినట్టే. కానీ ఆ కల్చర్ ఉన్న మొక్కను గానీ మట్టిని గానీ సహజస్థలానికి తీసుకువెళ్ళకండి. అక్కడి నేలలో ఇప్పటికే ఉన్న శిలీంధ్రాల మీద, ఇతర ఆర్కిడ్ల మీద దాని ప్రభావం ఏమిటో తేల్చడానికి మనకు రెండో అవకాశం ఉండదు. బయట నాటే మొక్కలకు అదే చోట దొరికిన శిలీంధ్రం, లేదా ఏ శిలీంధ్రమూ లేకపోవడం, ఈ రెండే. మీ స్థానిక కల్చర్ దొరికిన రోజునే దాన్ని రెండు మూడు గొట్టాల్లో అతిశీతల నిల్వకు పంపండి. పళ్ళెం నుంచి పళ్ళేనికి పదేపదే మారుస్తూ పోతే విత్తనాన్ని మొలిపించే శక్తి కొన్ని కల్చర్లలో తగ్గిపోతుంది.